నిద్రలో మొదలయ్యే ఉదయం

సూర్యోదయానికి ముందే నిద్ర లేవాలన్న హితవు తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా వినిపిస్తున్నది. తాత మనుమడికీ, తల్లి కూతురికీ, గురువు శిష్యునికీ చెప్పే తొలిమాటలలో అది ఒకటి. పరీక్షలు సమీపించేకొద్దీ ఆ హితవు ఆజ్ఞగా మారుతుంది. వేకువనే లేచినవాడు ఉత్సాహంగా, ఆరోగ్యంగా, సంతోషంగా ఉంటాడన్నది అందులోని విశ్వాసం. ఆ విశ్వాసంలో సత్యం చాలా ఉంది. అయితే సత్యమంతా అందులోనే లేదు. మిగిలిన సత్యం ఏమిటో తెలుసుకోవడానికి హైదరాబాదుకు దక్షిణాన ఉన్న శంషాబాద్ కంటె తగిన చోటు మరొకటి దొరకదు.

ఒక తరం క్రితం వరకు శంషాబాద్ బెంగుళూరు రహదారి మీద ఉన్న చిన్న ఊరు. చుట్టూ సాతంరాయి, గగన్‌పహాడ్, మామిడిపల్లి, తొండుపల్లి, ముచ్చింతల వంటి పల్లెలు. ఆ పల్లెల దినచర్యను సూర్యుడే నిర్ణయించేవాడు. చీకటి ఉండగానే పాలు పితికేవారు. కూరగాయల గంపలు తెల్లవారేలోగా నగరానికి చేరవలసి ఉండేది. మసీదు నుండి ఫజర్ నమాజుకు పిలుపు, గుడి నుండి సుప్రభాతం ఒకదాని వెంట ఒకటి వినిపించేవి. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టేసరికి తూర్పు తెల్లబారేది. రాత్రి కూడా అంతే త్వరగా వచ్చేది. పొద్దుగూకగానే తిని, ఎనిమిది తొమ్మిది గంటలకల్లా ఊరు మంచం ఎక్కేది. నాటి పెద్దలు నాలుగు గంటలకు లేచారని గొప్పగా చెప్పుకొనేవారు, వారు ఎన్ని గంటలకు పడుకొన్నారో చెప్పడం మాత్రం మరచిపోతారు.

ఆ పాత వేకువను వర్ణించేవారు మరచే విషయం ఇంకొకటి కూడా ఉంది. అందరికంటె ముందు లేచినది ఇంటి ఇల్లాలు. అందరికంటె ఆలస్యంగా పడుకొన్నదీ ఆమే. పొయ్యి రాజేయడం, నీళ్లు తోడడం, చద్ది కట్టడం ఆమె పనులు. పురుషుడు అరుగుమీద కూర్చొని ప్రశాంతంగా తూర్పువైపు చూడగలిగాడంటే ఆ ప్రశాంతతకు ఆమె నిద్ర మూల్యం అయింది. ఉదయపు అలవాట్లను గురించి నేడు వెలువడే పుస్తకాలలోనూ ఈ లోపం పోలేదు. ధ్యానానికి ఇరవై నిమిషాలు, వ్యాయామానికి ముప్పై నిమిషాలు అని వాటిలో లెక్కలు ఉంటాయి. ఆ యాభై నిమిషాలు ఇంట్లో టిఫిను ఎవరు చేస్తారన్న ప్రశ్న ఉండదు.

2008 మార్చి 23న శంషాబాద్ కాలగణన మారిపోయింది. బేగంపేట నుండి విమానాల రాకపోకలు ఆ రోజున ఇక్కడి రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి తరలి వచ్చాయి. సుమారు 5,500 ఎకరాల ఆ ప్రాంగణంలో రాత్రి అనేది లేదు. గల్ఫు దేశాలకు, ఐరోపాకు వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యనే బయలుదేరుతాయి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుండి దుబాయికి పోయే వలస కార్మికుని సాగనంపడానికి కుటుంబమంతా వచ్చి, ఒంటిగంట రాత్రివేళ గాజుతలుపుల ముందు నిలబడడం అక్కడ నిత్యదృశ్యం. వారి సామాను తనిఖీ చేసేవారు, బరువులు ఎత్తేవారు, నేల తుడిచేవారు, విమానానికి ఇంధనం నింపేవారు, క్యాబ్ నడిపేవారు అందరూ ఆ వేళ మేలుకొనే ఉంటారు. వారిలో అనేకులు ఉందానగర్ రైల్వేస్టేషన్ పరిసరాలలో, రాళ్లగూడలో, శంషాబాద్ గల్లీలలో గదులు అద్దెకు తీసుకొని నివసిస్తారు. ఉదయం ఆరు గంటలకు అక్కడి ఒక టీకొట్టు ముందు ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి ఉంటే, ఒకనికి అది దినారంభం, మరొకనికి దినాంతం. రెండవవానికి వేకువనే లేవడం మంచిదని చెప్పడం హితవు కాదు, పరిహాసం.

ఇక్కడ గమనించదగిన వింత ఒకటి ఉంది. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలపాటు ఉండే కాలాన్ని బ్రాహ్మీ ముహూర్తం అంటారు. హైదరాబాదులో సూర్యుడు జూన్ మొదట్లో సుమారు 5 గంటల 40 నిమిషాలకు, జనవరి నడుమ సుమారు 6 గంటల 50 నిమిషాలకు ఉదయిస్తాడు. కనుక ఆ ముహూర్తం వేసవి చివర నాలుగింటికి, చలికాలంలో అయిదుంబావుకు అటూఇటూగా వస్తుంది. అధ్యయనానికి, ధ్యానానికి దీనిని మించిన వేళ లేదని పెద్దలు భావించారు. విమానయాన నిబంధనలు మాత్రం రాత్రి రెండు నుండి ఆరు గంటల వరకు గల కాలాన్ని మానవ దేహం అత్యంత మందకొడిగా ఉండే వేళగా పేర్కొంటాయి. పైలట్ పొరపాటు చేసే ప్రమాదం హెచ్చుగా ఉన్న సమయం అదే. 2024 జనవరిలో కేంద్ర పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ప్రకటించిన సవరణలు పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుండి 48 గంటలకు పెంచాయి. రాత్రి విధి అనే మాటకు అర్థాన్ని తెల్లవారుజామున అయిదింటి నుండి ఆరింటి వరకు విస్తరించాయి. శాస్త్రగ్రంథం శ్రేష్ఠమన్న గంటను విమాన నిబంధన ప్రమాదకరమంటున్నది. ఈ రెండింటిలో ఏది నిజం?

రెండూ నిజమే. రాత్రి తొమ్మిదింటికి పడుకొని ఏడు గంటలు సుఖంగా నిద్రించి లేచినవానికి నాలుగు గంటల వేళ అమృతప్రాయం. రాత్రంతా నిద్ర లేనివానికి అదే వేళ కంటిమీద రెప్ప నిలవని గండం. గడియారం చూపే అంకె రెండుచోట్లా ఒకటే, దాని వెనుక ఉన్న నిద్ర వేరు. వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానంలోని రెండవ అధ్యాయం దినచర్యను బోధిస్తుంది. బ్రాహ్మీ ముహూర్తంలో లేవాలని చెప్పేటప్పుడు అది స్వస్థునికి, అంటే ఆరోగ్యవంతునికి ఆ నియమాన్ని విధించింది. ఆ చిన్న విశేషణాన్ని తరువాతి తరాలు జారవిడిచి, గంటను మాత్రం పట్టుకొన్నాయి.

దేహంలో ఒక గడియారం ఉందన్న సంగతి కొత్తది కాదు. హైదరాబాదు వీధులలో నీడనిచ్చే నిద్రగన్నేరు చెట్టుకు ఆ పేరు పెట్టినవారు దాని ఆకులు సాయంత్రం ముడుచుకొని ఉదయం విచ్చుకోవడాన్ని గమనించిన సామాన్యులే. 1729లో డి మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అత్తిపత్తి వంటి ఒక మొక్కను చీకటిలో ఉంచి పరిశీలించాడు. వెలుతురు సోకకపోయినా ఆకులు యథావేళకే విచ్చుకొన్నాయి. మొక్క సూర్యుని చూసి కాక తనలోని లెక్కను అనుసరించి నడుచుకొంటున్నదని దీనివలన తేలింది. ఈ లెక్కను జీవకణంలోని జన్యువులు ఎట్లా నడుపుతాయో ఈగలపై పరిశోధించి కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. మనిషి మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో దాదాపు ఇరవైవేల నాడీకణాల గుంపు ఒకటి ఈ గడియారాన్ని నడుపుతుంది. అయితే అది సరిగ్గా 24 గంటలకు తిరగదు. చాలామందిలో కొద్ది నిమిషాలు ఆలస్యంగా తిరుగుతుంది. కనుక దానిని ప్రతిదినం సరిచేయాలి. ఆ పని చేసేది కంటిలో పడే ఉదయపు వెలుగు.

విమానాశ్రయం ఈ పాఠాన్ని అనుభవపూర్వకంగా బోధిస్తుంది. వేసవిలో హైదరాబాదులో ఉదయం ఆరు గంటలైతే న్యూయార్కులో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. అక్కడి నుండి కొడుకును చూసి తిరిగివచ్చిన తల్లి నాలుగైదు దినాలు అర్ధరాత్రి మేలుకొని, మధ్యాహ్నం మగతగా పడి ఉంటుంది. ఆమె చేతి గడియారం ఒక్క క్షణంలో మారింది. దేహంలోని గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే మారుతుంది. ఆకలి, జీర్ణశక్తి, చిత్తస్థైర్యం అన్నీ దానివెంటే నడుస్తాయి. అటువంటి ప్రయాణం చేసినవారు చిన్న మాటకే విసుగుకోవడం, కారణం లేకుండా దిగులుపడడం అందరూ ఎరిగినదే. సంతోషానికీ నిద్రవేళకూ గల సంబంధం అంత దగ్గరిది.

ఇప్పుడు ఏ విమానమూ ఎక్కకుండానే ఈ అవస్థకు లోనయ్యేవారిని గురించి ఆలోచించాలి. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థులు వారిలో ముఖ్యులు. పదమూడు నుండి పద్దెనిమిది ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికాలోని నిద్రావైద్య నిపుణుల సంస్థ 2016లో ప్రకటించింది. పైగా ఆ వయసులో నిద్రను పిలిచే మెలటోనిన్ అనే రసాయనం రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పదిన్నరకు కూడా కళ్లు మూతపడకపోవడం సోమరితనం కాదు, అది ఆ వయసు దేహధర్మం. అటువంటి బాలుని వసతిగృహంలో రాత్రి పదకొండు వరకు చదివించి, ఉదయం నాలుగున్నరకు గంట కొట్టి లేపితే అతనికి మిగిలినది అయిదున్నర గంటల నిద్ర. ఆ గంట క్రమశిక్షణకు చిహ్నమని కొందరు తల్లిదండ్రులు ఆనందిస్తారు. కళాశాల ప్రచారపత్రాలలో దానికి ప్రత్యేక స్థానం ఉంటుంది. కాని పగలు చదివిన పాఠం జ్ఞాపకంగా స్థిరపడేది నిద్రలోనే. నిద్రను కోసి చదువుకు చేర్చడం, విత్తనాలు వండుకొని తిని పొలం దున్నడం వంటిది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ విషయాన్ని గుర్తించి, ఉన్నత పాఠశాలలు ఉదయం ఎనిమిదిన్నర కంటె ముందు మొదలుకారాదని 2019లో చట్టం చేసి 2022 నుండి అమలు చేస్తున్నది. తెలుగునాట అటువంటి చట్టం లేకపోయినా వసతిగృహం గంటను ఒక గంట వెనుకకు జరపడానికి చట్టం అక్కరలేదు, నిర్వాహకుని మనస్సు చాలు.

దీని అర్థం పొద్దెక్కేవరకు పడుకోవాలని కాదు. సెలవుదినాన పదకొండింటికి లేవడం వలన దేహంలోని గడియారం పడమటి దేశానికి ప్రయాణం చేసి వస్తుంది. సోమవారం నాటి మందకొడితనానికి ఆదివారం నాటి ఆ ప్రయాణమే కారణం. నాలుగు గంటలా, ఆరు గంటలా అన్నదానికంటె ప్రతిదినం ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవడం ముఖ్యం. ఈ క్రమానికి సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెప్పుకొంటారు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత నైజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. ఆయన సూచించిన జలాశయాలలో ఒకటైన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయి, నేటికీ శంషాబాద్‌కు వాయవ్యాన నిలిచి ఉంది. ఆహారనిద్రలలో, సమయపాలనలో ఆయన నియమం ప్రసిద్ధమైనది. 1962లో మరణించేనాటికి ఆయన నూరేళ్లు దాటారు. ఆ దీర్ఘాయువుకు నియమమే కారణమని ఋజువు చేయడం కష్టం. నియమం ఆయనకు భారంగా ఉండేదని ఎవరూ చెప్పలేదన్నంత వరకు నిశ్చయం.

లేచిన తరువాత చేయవలసినవి కొద్దిపాటివే. అన్నింటిలో మొదటిది ఆరుబయటి వెలుగు. ఇంట్లో విద్యుద్దీపం ఇచ్చే కాంతి కొన్ని వందల లక్సులకు మించదు. మబ్బు పట్టిన ఉదయం కూడా బయట వేల లక్సుల కాంతి ఉంటుంది. కళ్లాపి చల్లిన ఇల్లాలికి, పొలం గట్టు మీద నడిచిన రైతుకు ఈ వెలుగు అప్రయత్నంగా లభించేది. అపార్టుమెంటులో లేచి, మూసిన కిటికీల వెనుకనే తయారై, బస్సులో కునికిపాట్లు పడుతూ కళాశాలకు చేరే విద్యార్థికి అది లభించడం లేదు. పది పదిహేను నిమిషాలు డాబామీద నిలబడినా, పాల ప్యాకెట్టు కోసం వీధి చివరి వరకు నడిచినా ఆ లోటు చాలావరకు తీరుతుంది. ఆ నడక కొంచెం దీర్ఘమైతే మరీ మంచిది. పద్దెనిమిదేళ్లలోపువారికి రోజుకు సగటున అరవై నిమిషాల శారీరకశ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. అందులో ఒక భాగం ఉదయమే తీరిపోతుంది.

రెండవది, కన్ను తెరవగానే చేతికి వచ్చే సెల్‌ఫోనును కొంతసేపు దూరంగా ఉంచడం. రాత్రి నిద్రపోయినవేళ ఎవరెవరు ఏమేమి పంపారో చూడడంతో దినం మొదలుపెట్టినవాడు, తన ఉదయాన్ని ఇతరుల చేతికి అప్పగించినట్లే. స్నేహితుని వేడుక చూసి అసూయ, వార్త చదివి ఆందోళన, సమాధానం రాలేదని చిన్నబోవడం, ఇవన్నీ పళ్లు తోముకోకముందే జరిగిపోతాయి. అలారం కోసం ఫోను కావాలనే వాదన బలహీనమైనది. అలారం గడియారాలు ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

కాసేపు మౌనంగా కూర్చోవడం మూడవది. శంషాబాద్‌కు దక్షిణాన కన్హా గ్రామంలోని శాంతివనంలో 2020లో ప్రారంభమైన ధ్యానమందిరంలో ఒకేసారి లక్షమంది కూర్చోవచ్చు. మౌనం కోసం అంతమంది వెతుకుతున్నారన్నది ఆలోచింపజేసే విషయమే. అయితే ప్రార్థన చేసేవారికి ప్రార్థన, చేయనివారికి కిటికీ పక్కన అయిదు నిమిషాల నిశ్శబ్దం ఆ అవసరాన్ని తీరుస్తాయి. ఆహారం సంగతి వేరే చెప్పనక్కరలేదు. జొన్నరొట్టె, చద్దన్నం, అంబలి, ఇడ్లీ ఏదైనా సరే, ఖాళీ కడుపుతో మొదటి పీరియడ్‌లో కూర్చోవడం కంటె మేలు.

ఈ అలవాట్లు తెలియనివారు లేరు. జనవరి ఒకటవ తేదీన వీటిని ప్రారంభించి సంక్రాంతినాటికి విడిచిపెట్టేవారే ఎక్కువ. కారణం సంకల్పబలం లేకపోవడం అని నిందించడం సులభం. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిపా లాలీ బృందం ఈ విషయాన్ని 96 మంది మీద పరిశీలించింది. ఒక్కొక్కరు ఒకే చిన్న పనిని ఎన్నుకొని, రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టి చేశారు. అది ప్రయత్నం లేకుండా జరిగే అలవాటుగా మారడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18 రోజులు చాలింది. కొందరికి 254 రోజులు పట్టవచ్చని తేలింది. గ్లాసెడు నీళ్లు తాగడం వంటిది త్వరగా అలవడింది, వ్యాయామం ఆలస్యంగా అలవడింది. వీటన్నిటికంటె విద్యార్థికి ఊరట కలిగించే ఫలితం మరొకటి ఉంది. నడుమ ఒకరోజు తప్పినా అలవాటు చెడిపోలేదు. ఒకనాడు తప్పగానే అంతా ముగిసిందనుకొని విరమించేవారికి ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఎన్నో సంకల్పాలు నిలిచి ఉండేవి. అయిదు మంచి పనులను ఒకేసారి తలకెత్తుకోవడం కంటె, పళ్లు తోముకొన్న వెంటనే డాబా ఎక్కడం అనే ఒక్క ముడిని రెండు నెలలపాటు కాపాడుకోవడం తెలివైన మార్గం.

రాత్రి షిఫ్టు చేసేవారి విషయంలో వ్యక్తిగత సంకల్పం కొంతవరకే పనిచేస్తుంది. దేహపు లయను భంగపరిచే షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే కాన్సర్‌కు బహుశా కారకమైన వాటి జాబితాలో చేర్చింది. 2019లో రాత్రి షిఫ్టు పని అన్న పేరుతో ఆ నిర్ణయాన్ని మరల ధ్రువపరచింది. అటువంటి పనివారు విధి ముగించి వచ్చేటప్పుడు నల్లకళ్లద్దాలు ధరించడం, గదిని చీకటి చేసుకొని రోజూ ఒకే వేళకు పడుకోవడం, లేచాక తప్పక వెలుతురులోకి రావడం మంచిదని వైద్యులు చెబుతారు. వారికి మధ్యాహ్నం రెండు గంటలే ఉదయం. పైన చెప్పిన అలవాట్లన్నీ ఆ ఉదయానికి వర్తిస్తాయి. కాని ఈ వారం రాత్రి, వచ్చే వారం పగలు అని షిఫ్టులు మారుతుంటే ఏ అలవాటైనా ఎట్లా నిలుస్తుంది? పైలట్ నిద్రకు లెక్క ఉంది, ఎందుకంటే అతని చేతిలో వందల ప్రాణాలున్నాయి. తెల్లవారుజామున మూడింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక కుటుంబాన్ని విమానాశ్రయానికి చేర్చే క్యాబ్ డ్రైవరు చేతిలోనూ ప్రాణాలే ఉన్నాయి. 2020లో కేంద్రం వెలువరించిన మార్గదర్శకాలు అతని పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేశాయి. ఆ పన్నెండు గంటలు ఏ వేళవి, వాటికి ముందు అతడు నిద్రించాడా లేదా అన్నది అడిగేవారు అరుదు. షిఫ్టుల పట్టికను కనీసం నెలరోజులపాటు మార్చకుండా ఉంచడం, విరామవేళ పనివారు కాళ్లు చాచుకోవడానికి ఒక చీకటి గది ఇవ్వడం యజమానులకు పెద్ద ఖర్చు కాదు.

శంషాబాద్‌లో తండ్రి రాత్రి డ్యూటీకి, కుమార్తె పగలు కళాశాలకు వెళ్లే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఉదయం ఏడు గంటల వేళ చాలా విలువైనది. ఇద్దరూ మేలుకొని ఎదురెదురుగా కూర్చునే సమయం రోజు మొత్తంలో అదొక్కటే. ఆ అరగంటసేపు టీవీ కట్టేసి, ఫోన్లు పక్కన పెట్టి, కలిసి ఉప్మా తినే అలవాటు ఉన్న ఇంట్లో ఆమెకు అది అల్పాహారం, ఆయనకు రాత్రి భోజనం. తరువాత ఆమె వెలుతురులోకి నడిచి బస్సు ఎక్కుతుంది. ఆయన కిటికీకి మందపాటి దుప్పటి కట్టుకొంటాడు.